చిన్న కెమెరాతో వన్యప్రాణుల చిత్రీకరణ
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల డెబ్బది అయిదేండ్ల చరిత్రను, ఇక్కడ చదివి ఉన్నత పదవులు పొందిన వారి ప్రతిభను, భవన నిర్మాణానికి చేయూతనిచ్చిన దాతల ఔదార్యాన్ని ముందు మాట్లాడిన పెద్దలు సవిస్తరంగా వివరించి ఉన్నారు. ఈ ప్రసంగానికి మిగిలిన విషయం చాలా చిన్నది. అరచేతిలో ఇమిడే ఒక వీడియో కెమెరా, దానితో సుగటూరు పరిసరాలలోని పక్షులను, జంతువులను చిత్రించడం నేర్చుకొన్న తొమ్మిదవ తరగతి పిల్లలు, ఆ క్రమంలో వారు చేసిన తప్పులు. తప్పుల గురించే ఎక్కువగా చెప్పవలసి వస్తుంది. సభాసదులు మన్నింతురు గాక.

కెమెరా ఒక పూర్వ విద్యార్థి కానుక. కొత్తది కొనుక్కొన్న పిమ్మట పాతదాన్ని బడికి ఇచ్చారు. కటకం మార్చుకొనే వీలు లేనిది. స్టాండు కూడ లేదు. వార్షికోత్సవంలో నృత్యాలను, బహుమతి ప్రదానాలను చిత్రించడానికి పనికివస్తుందని ఇచ్చిన వస్తువది. అయితే టీవీలో పులులను, సింహాలను చూచి పెరిగిన పిల్లలు దానిని చేత బట్టుకొని మొట్టమొదట అడిగిన ప్రశ్న: "పులిని తీయడానికి ఎక్కడికి పోవాలి?" సుగటూరులో పులి ఎక్కడిది? చెరువు గట్టుకు పొమ్మని ఉపాధ్యాయులు చెప్పినప్పుడు వారి ముఖాలు చిన్నబోయినవి.

కోలారు జిల్లా చెరువుల సంగతి ఈ సభలోని వారికి వివరించనక్కరలేదు. ఏండ్ల తరబడి నెర్రెలు విచ్చి, తుమ్మ చెట్లు మొలచి, పిల్లలు క్రికెట్ ఆడుకొన్న చెరువులవి. 2018లో కోరమంగల - చల్లఘట్ట లోయ పథకం కింద బెంగళూరు మురుగు నీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపు చేయడం ఆరంభమైనది. ఆ నీటి నాణ్యతపై రైతులలో వాదోపవాదాలు జరిగినవి, వ్యాజ్యం సుప్రీం కోర్టు దాకా పోయినది. ఆ వివాదం ఇక్కడ ప్రస్తుతం కాదు. నీరు నిలిచిన చోటికి నీటికాకులు, కొంగలు, బాతులు వచ్చి చేరుతవి. పిల్లలు పుట్టి బుద్ధెరిగిన తరువాత చెరువులో నీటి పక్షులను చూడడం చాలామందికి అదే మొదలు.

మొదటి రోజు తీసిన చిత్రాన్ని తరగతి గదిలో టీవీకి తగిలించి చూచినప్పుడు అందరూ నవ్వారు. ముప్పావు గంట సేపు తెర ఊగుతూనే ఉన్నది. ఆకాశం, గట్టు, ఎవరిదో చెప్పు, మళ్ళీ ఆకాశం. ఒకచోట తెల్లని చుక్క కనబడుతుంది. అది కొంగ అని తీసిన విద్యార్థి ప్రమాణం చేసి చెప్పవలసి వచ్చినది. మాటల బదులు గాలి హోరు, దూరాన ట్రాక్టరు, దగ్గరలో "అదిగో, అదిగో" అన్న కేకలు. ఆ కేకల తరువాత తెల్ల చుక్క ఎగిరిపోయినది.

అక్కడి నుండి పాఠం మొదలైనది.

కెమెరాలో దూరాన్ని దగ్గర చేసే శక్తి రెండు విధాలు. ఒకటి కటకం చేసే పని. రెండవది కటకం శక్తి అయిపోయిన తరువాత యంత్రం బొమ్మను సాగదీసి పెద్దదిగా చూపడం. ఈ రెండవది ఫొటోను భూతద్దం కింద పెట్టి చూడడం వంటిది. బొమ్మ పెరుగుతుంది గాని వివరం పెరగదు. పిల్లలు ఆ మీటను ముట్టరాదని మొదటి నియమం పెట్టుకొన్నారు. అటువంటప్పుడు కొంగ తెర నిండుగా కనబడడానికి మిగిలిన మార్గమొక్కటే: కొంగ ఉన్న చోటికి పోవడం కాదు, కొంగ రాబోయే చోట ముందే కూర్చొనడం. అది ఎక్కడికి వస్తుందో, ఎప్పుడు వస్తుందో, ఏ పక్కకు తిరిగి వేటాడుతుందో తెలియాలి. ఖరీదైన కటకం ఉన్నవాడు గట్టు మీది నుండే పని ముగించుకొనిపోవచ్చు. ఈ పిల్లలకు ఆ సదుపాయం లేదు కనుక కొంగ దినచర్యను నేర్చుకొనక తప్పలేదు.

స్టాండు లేని లోటును ఒక విద్యార్థిని తీర్చినది. ఇంటి నుండి చిన్న గుడ్డ సంచిలో రెండు శేర్ల రాగులు పోసి, మూతి కుట్టి తెచ్చినది. ఆ సంచిని రాతి మీదనో, బండి నొగ మీదనో పెట్టి, దానిపై కెమెరాను ఒత్తిపెడితే కదలదు. వన్యప్రాణుల ఛాయాగ్రాహకులు జీపు కిటికీపై ఇటువంటి గింజల సంచినే వాడతారని తరువాత తెలిసినది. తల్లి రాగుల కోసం వెతికి, బడికి వచ్చి అడిగిన ముచ్చట కూడ ఉన్నది. ఆమె ఈ సభలోనే ఉన్నారు.

తక్కిన మెలకువలను క్లుప్తంగా చెప్పవచ్చు. సూర్యుడు వీపు వెనుక ఉండాలి. ఉదయం తొమ్మిది లోపల, సాయంత్రం నాలుగు తరువాత వెలుతురు మెత్తగా ఉంటుంది. నల్లని నీటిపై తెల్లని కొంగను తీస్తే యంత్రం నీటిని చూచి వెలుతురు పెంచుతుంది, కొంగ సున్నపు ముద్ద అవుతుంది. కాబట్టి వెలుతురును చేతితో తగ్గించుకోవాలి. రెల్లు పొదలో ఉన్న పక్షిని తీసేటప్పుడు యంత్రం రెల్లును పట్టుకొని పక్షిని వదలివేస్తుంది. అక్కడ కూడ దృష్టిని చేతితోనే సరిచేయాలి. ఒక దృశ్యం ఎత్తుకొంటే ఇరవై అంకెలు మనసులో లెక్కించే వరకు కెమెరాను కదపరాదు. పక్షి ఎగిరిపోతే పోనీ, ఖాళీ కొమ్మను తీస్తూనే ఉండాలి. అది తిరిగి రావచ్చు. ఈ చివరి నియమాన్ని పాటించడం మగపిల్లలకు చాలా కష్టమైనదని చెప్పక తప్పదు.

అల్ప పరికరాలతో గొప్ప పని చేసిన వారు లేకపోలేదు. పక్షి రెక్క ఎట్లా ఆడుతుందో తెలుసుకొనవలెనన్న పట్టుదలతో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మారే 1882లో తుపాకి ఆకారంలో ఒక కెమెరాను తయారు చేశాడు. అది ఒక సెకనులో పన్నెండు బొమ్మలు తీసేది. ఈ బడిలోని పాత కెమెరా ఇరవై అయిదు తీస్తుంది. మద్రాసులో నివసించి 1996లో మరణించిన ప్రకృతి పరిశీలకుడు ఎం. కృష్ణన్ వేర్వేరు కెమెరాల భాగాలను తానే అతికించుకొని, దానికి 'సూపర్ పాండెరోసా' అని వేళాకోళపు పేరు పెట్టి, అడవి ఏనుగులను దానితో నలుపు తెలుపులలో ఫొటోలు తీశారు. శేఖర్ దత్తాత్రి పదమూడవ యేట మద్రాసు పాముల పార్కులో స్వచ్ఛందంగా పనిచేయడంతో ఆరంభించి భారతదేశంలో పేరెన్నికగన్న వన్యప్రాణి చలనచిత్ర దర్శకుడైనాడు. ముందు పాములతో పరిచయం, కెమెరాతో పరిచయం ఆ తరువాత. ఈ వరుస గమనింపదగినది.

ఇక గిజిగాని సంగతి. పిల్లలు తీసిన వాటిలో అత్యుత్తమమైనది ఇదే.

వానలు పడిన తరువాత ఒక పాత దిగుడు బావి మీదికి వంగిన ఈత చెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు కట్టనారంభించినవి. ఇంట్లో తెలుగులో గిజిగాడు, సంతలో కన్నడంలో గీజగ. పిల్లలకు రెండూ తెలుసు. బావి గట్టు మీద రాగుల సంచి పెట్టుకొని, వంతుల వారీగా కూర్చొని చిత్రించసాగారు. మొదటి రెండు మూడు దినాలు పక్షులు బెదరినవి. అదే రంగు బట్టలు, అదే చోటు, అదే వేళ, మాట లేకుండా కూర్చొనడం అలవాటైన తరువాత ఆ పక్షులు వారిని బావి రాళ్ళలో జమకట్టినవి.

చిత్రం పూర్తి కాకముందే వ్యాఖ్యానం వ్రాసి పెట్టుకొన్నారు. తెలుగు వాచకాలు చదివిన పిల్లలు గదా, భాష బాగుగానే ఉన్నది: తల్లి పక్షి తన బిడ్డల కొరకు ఎంత ఓర్పుతో గడ్డిపోచ గడ్డిపోచ తెచ్చి గూడు అల్లుచున్నదో చూడుడు, అని. కాని తెర మీద చూచినప్పుడు ఒక విద్యార్థికి సందేహం కలిగినది. అల్లుతున్న పక్షులన్నింటికీ తలపై పసుపు రంగు టోపీ ఉన్నది. టోపీ లేని, పిచ్చుకను పోలిన పక్షి అప్పుడప్పుడు వచ్చి, సగం కట్టిన గూటిలో దూరి చూచి పోతున్నది. అది ఒక్క పోచ కూడ తేవడం లేదు.

అల్లేది మగపక్షి. గూడు గంట ఆకారానికి వచ్చేసరికి ఆడపక్షులు చూడవస్తవి. మగపక్షి రెక్కలు కొట్టుకొంటూ, కిచకిచలాడుతూ, గూటికి వేలాడుతూ తన పనితనాన్ని చూపుకొంటుంది. ఆడపక్షి మెచ్చితే మిగిలిన గదిని, కిందికి దిగే గొట్టాన్ని పూర్తి చేస్తుంది. మెచ్చకపోతే ఆ గూడు సగంలో నిలిచిపోతుంది. ఒక గూడు పూర్తయి ఆడపక్షి అందులో గ్రుడ్లు పెట్టగానే మగపక్షి మరొక గూడు మొదలుపెట్టి మరొక ఆడపక్షిని పిలుస్తుంది. పొదిగే భారం ఆడపక్షిదే. ఈ విషయాన్ని మహారాష్ట్రలోని కిహిం గ్రామంలో 1930లో కూర్చొని గమనించి మరుసటి సంవత్సరం ప్రకటించిన వారు సాలిం అలీ. ఆయన చేతిలో ఉన్నది చూపు, కాగితం, ఓర్పు మాత్రమే.

వ్యాఖ్యానమంతా కొట్టివేయవలసి వచ్చినది. మాతృప్రేమపై అంత మంచి వాక్యాలు వ్యర్థమైనవని తెలుగు ఉపాధ్యాయులు కూడ కొంత బాధపడ్డారు. అయినా ఆ రోజు తరగతిలో జరిగిన చర్చ ఏ పాఠంలోనూ జరగలేదు. చెట్టు కింద రాలిన సగం గూళ్ళు గాలికి పడినవని ఇన్నాళ్ళు అనుకొన్నవారు, అవి ఆడపక్షి కాదన్న గూళ్ళు కావచ్చునని తెలుసుకొన్నారు.

మరొక పేచీ కూర్పు దగ్గర వచ్చినది. ఒక గూటి ఆరంభం బాగా వచ్చినది, మరొక గూటి ముగింపు బాగా వచ్చినది. రెండింటిని అతికించి ఒకే పక్షి కట్టిన ఒకే గూడు అని చూపవచ్చునా? చూచేవారికి తెలియదు గదా అన్నది ఒక పక్షం. తెలియదు కనుకనే చేయరాదన్నది రెండవ పక్షం. ఈ వాదం కొత్తది కాదు. 1958లో అమెరికాలో డిస్నీ సంస్థ వారు తీసిన 'వైట్ విల్డర్‌నెస్' అనే చిత్రంలో లెమ్మింగులనే ఎలుక జాతి ప్రాణులు గుంపుగా కొండ మీది నుండి నీటిలోకి దూకి చస్తున్నట్లు చూపారు. ఆ చిత్రానికి ఆస్కార్ బహుమతి లభించినది. ఆ ప్రాణులను వేరొక చోటి నుండి తెప్పించి, కృత్రిమంగా తోలి ఆ దృశ్యం తీశారని 1980లలో కెనడా టెలివిజన్ వారు బయటపెట్టారు. లెమ్మింగులు ఆత్మహత్య చేసుకొంటవన్న అపోహ మాత్రం నేటికీ లోకంలో నిలిచే ఉన్నది. పిల్లలు చివరకు రెండు గూళ్ళను రెండు గూళ్ళుగానే చూపి, మధ్యలో ఒక అట్ట మీద ఆ మాట వ్రాసి పెట్టారు.

ఇటువంటి అపోహ మన పొరుగున కూడ ఒకటున్నది. హిందూపురం సీమలో, చిలమత్తూరు మండలం వీరాపురంలో ఊరి చింతచెట్ల మీద ఏటేటా కొంగలు గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతవి. గ్రామస్థులు వాటిని ఆడపిల్లల పురుళ్ళంత ఆదరంగా చూస్తారు. వేటగాండ్రను ఊరి పొలిమేరలోకి రానివ్వరు. అవి సైబీరియా నుండి వస్తవని వార్తాపత్రికలు ఏండ్లుగా వ్రాస్తున్నవి. ఎర్రని కాళ్ళు, పసుపు ముక్కు, వీపు చివర గులాబి రంగు ఈకలు గల ఈ కొంగ భారతదేశపు కొంగయే. మన చెరువులలో చేపలు తిని మన చెట్ల మీద గూడు కట్టే పక్షి. అంత దూరం నుండి వస్తే గాని అతిథికి గౌరవం లేదనుకోవడం మన బలహీనత. చిన్న కెమెరాతో నేర్చుకొనేవారికి ఆ ఊరు మంచి బడి. పక్షులు మనుష్యులకు అలవాటుపడి ఉన్నవి, చెట్లు వీధిలోనే ఉన్నవి, దాగి ఉండవలసిన పని లేదు. గూళ్ళ కిందికి పోకుండా, గట్టిగా మాట్లాడకుండా ఉంటే చాలును.

బంగారు గనుల మైదానాలలోని కృష్ణజింకలను తీయబోయిన ప్రయత్నం మాత్రం విఫలమైనది. గనులు 2001లో మూతబడిన తరువాత ఆ బయళ్ళలో మనుష్య సంచారం తగ్గినది. పిల్లలు చేరేసరికి పట్టపగలు. నేల నుండి లేచే వేడి గాలికి దూరాన ఉన్న జింకలు నీటిలో నీడల వలె అల్లాడుతూ కనబడినవి. నడచిపోతే జింక పారిపోతుంది, వాహనంలో ఉంటే కొంత నిలుస్తుంది. వాహనానికి డబ్బు లేదు.

ఇప్పుడొక చేదు విషయం చెప్పవలసి ఉన్నది.

పిల్లల చిత్రాలన్నింటిలో అతి స్పష్టమైన దృశ్యం ఒక పిగిలిపిట్ట గూటిది. మూడు పిల్లలు నోళ్ళు తెరచి ఉన్నవి, తల్లి పురుగును అందిస్తున్నది, గొంతులోని ఎరుపు కూడ కనబడుతుంది. చూచిన ప్రతివారు మెచ్చుకొన్నారు. అంత స్పష్టంగా ఎట్లా వచ్చినదని ఒక ఉపాధ్యాయుడు అడిగినప్పుడు తీసిన ఇద్దరు విద్యార్థులు తల వంచుకొన్నారు. అడ్డుగా ఉన్న రెండు కొమ్మలను విరిచి తీశారు. కెమెరాకు గూడు కనబడినట్లే కాకులకూ కనబడినది. మరునాడు పోయి చూచేసరికి గూడు ఖాళీ. ఒడ్డున ఒక ఈక మాత్రం చిక్కుకొని ఉన్నది. దానిని కూడ చిత్రించుకొని వచ్చారు.

ఆ దృశ్యాన్ని వార్షికోత్సవంలో చూపవలెనా, వద్దా అన్న ప్రశ్నకు తరగతిలో ఏకాభిప్రాయం కుదరలేదు. చెరిపివేయవలెనని తీసినవారే అన్నారు. చివరకు చెరపలేదు, ఉత్సవంలో చూపలేదు. కొత్తగా కెమెరా చేతబట్టే ప్రతి విద్యార్థికి మొదటి దినం ఆ రెండు దృశ్యాలను వరుసగా చూపుతారు: నోళ్ళు తెరచిన మూడు పిల్లలు, తరువాత ఖాళీ గూడు. వ్యాఖ్యానం లేదు.

కెమెరా వలన మేలు జరిగిన సందర్భాలు దేశంలో ఎన్నో ఉన్నవి. గుజరాతు తీరంలో తిమింగల సొరలను చంపడాన్ని మైక్ పాండే 2000లో 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అనే చిత్రంలో చూపగా, మరుసటి సంవత్సరమే ఆ ప్రాణికి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ లభించినది. కుదురేముఖ అడవులలో ఇనుప గని త్రవ్వకాలపై శేఖర్ దత్తాత్రి 2001లో ఒక చిన్న చిత్రం తీశారు. గని త్రవ్వకాలను 2005 చివరికి ఆపివేయవలెనని 2002లో సుప్రీం కోర్టు తీర్పునిచ్చినది. ఆ తీర్పు వెనుక ఎందరిదో పోరాటమున్నది, చిత్రం దానికి తోడైనది. మైసూరు సీమ మిత్రులు కృపాకర్, సేనాని బండీపుర అడవి కుక్కల వెంట సంవత్సరాల తరబడి తిరిగి తీసిన చిత్రాలు, వాటిని దొంగ జంతువులుగా చూచిన మన దృష్టిని చాలావరకు మార్చినవి. వీరందరూ పరికరాల కంటె ఎక్కువగా కాలాన్ని ఖర్చు చేసినవారు.

ఇటువంటి కథలు విన్న పిల్లలు ఒకనాడు ఒక కోరికతో వచ్చారు. ప్రపంచంలో మరెక్కడా లేని ఒక గబ్బిలం కోలారు జిల్లాలోనే ఉన్నదని పత్రికలో చదివారు. మాట నిజమే. కోలారు ఆకుముక్కు గబ్బిలం అనే ఈ జాతిని 1994లో కాక్, భట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు లోకానికి తెలియజేశారు. మునుపు తేరహళ్లి గుహలో కూడ ఉండేది, అక్కడ కనుమరుగైనది. తెలిసినంతలో హనుమనహళ్లి వద్ద ఒకే ఒక గుహ దాని నివాసం. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన తెలుగు శాస్త్రజ్ఞులు భార్గవి శ్రీనివాసులు, చేల్మల శ్రీనివాసులు దానిపై పరిశోధనలు చేశారు. 2016లో అంతర్జాతీయ సంస్థలు దానిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చినప్పుడు మిగిలినవి రెండు వందల లోపే అని అంచనా వేశారు. చుట్టుపక్కల కొండలలో గ్రానైటు రాయి తీయడమే దానికి పెద్ద ముప్పు. రెండు వందల ప్రాణులంటే మన పాఠశాలలోని రెండు మూడు తరగతుల పిల్లలంత. అంతే మొత్తం జాతి.

పిల్లల వాదం బలమైనదే. మన జిల్లా ప్రాణిని మన జిల్లా పిల్లలే చిత్రించి లోకానికి చూపితే కుదురేముఖకు జరిగిన మేలు దీనికీ జరగదా? బడి కెమెరాలో చీకటిలో తీసే సదుపాయం కూడ ఉన్నది. కంటికి కనిపించని కిరణాలతో పనిచేస్తుంది కనుక వెలుతురు వేయనక్కరలేదు. ఉపాధ్యాయులలో కూడ ఇద్దరు ముగ్గురు వారిని సమర్థించారు.

వెలుతురు వేయకపోయినా మనిషి గుహలోకి పోక తప్పదు. అడుగుల చప్పుడు, ఒంటి వేడి, ఊపిరి, మాటలు – ఇవన్నీ ఇరుకు గుహలో గబ్బిలాలను చెదరగొడతవి. పిల్లలను పొట్టకు అంటించుకొని ఉన్న తల్లులు చెదరితే పిల్లలు జారిపడే ప్రమాదం ఉన్నది. శాస్త్రజ్ఞులు అనుమతితో, అవసరమైనప్పుడు, అవసరమైనంత సేపే పోతారు. ఒక బడి పోతే రెండవ బడి పోతుంది, ఆ తరువాత సెలవు దినాలలో బస్సులు పోతవి. ఈ కారణాలన్నీ చెప్పినా పిల్లలు ఒప్పుకోలేదు. పిగిలిపిట్ట గూటిని తీసిన ఇద్దరిలో ఒకడు లేచి, "ఆ గూడు పోతే ఊళ్ళో ఇంకో గూడుంది. దీనికి ఇంకో గుహ లేదు గదా" అన్నాడు. చర్చ అక్కడితో ఆగినది.

ఆశాభంగం కొంత మిగిలినది, దాచవలసిన పని లేదు. అందుకు బదులుగా ఊరి చివర మర్రి మీద వేలాడే పెద్ద గబ్బిలాలను, కన్నడంలో బావలి అని పిలిచే వాటిని, తీయడానికి పూనుకొన్నారు. పండ్లు తిని గింజలు దూరదూరాలకు చేరవేసే ప్రాణులవి. చెట్టు కిందికి పోలేదు. పశ్చిమాన రాగి చేను గట్టు మీద కూర్చొని, వెలుగుతున్న ఆకాశానికి ఎదురుగా కెమెరాను నిలిపారు. సాయంసంధ్యలో గబ్బిలాలు ఒక్కొక్కటిగా లేచి నల్లని ఆకారాలుగా తెరను దాటిపోయినవి. సూర్యుడు వీపు వెనుక ఉండవలెనన్న తొలి నియమాన్ని ఇక్కడ కావాలనే తప్పారు.

ఆ చిత్రం అందంగా లేదు. కాని దానిని ఆపి ఆపి చూస్తే గబ్బిలాలను లెక్కించవచ్చునని ఒక విద్యార్థిని కనిపెట్టినది. బయలుదేరే వేళ గబ్బిలాలను లెక్కించడం శాస్త్రజ్ఞులు కూడ వాడే పద్ధతియే. ఇద్దరు విడివిడిగా లెక్కిస్తే లెక్కలు కలవలేదు. తిరిగి వచ్చి చెట్టును చుట్టిన గబ్బిలాన్ని ఒకరు రెండుసార్లు లెక్కించారు, మరొకరు వదలివేశారు. తెరకు నడుమ ఒక దారం కట్టి, దానిని ఎడమ నుండి కుడికి దాటినవే లెక్క అని నియమం పెట్టుకొన్న తరువాత లెక్కలు దాదాపు కలిసినవి. లెక్కల ఉపాధ్యాయులు ఆ పద్ధతిని పరీక్షించి సంతోషించారు.

ఎస్.ఎస్.ఎల్.సి. దగ్గరపడుతుండగా పిల్లలకు ఈ వ్యాపకమెందుకని కొందరు తల్లిదండ్రులు అడిగి ఉన్నారు. న్యాయమైన ప్రశ్నయే. దీని వలన మార్కులు పెరిగినవని చెప్పడానికి ఆధారమేదీ లేదు. తగ్గినవని కూడ చెప్పలేము. పదవ తరగతి వారికి కెమెరా ఇవ్వరాదన్న ఏర్పాటు మాత్రం చేయబడినది. వారు రాగుల సంచి మోయడానికి వస్తున్నారు. దానిని ఆపడం సాధ్యం కాలేదు.

మధ్యాహ్న భోజనానంతరం ఎనిమిదవ తరగతి గదిలో గిజిగాని చిత్రం ప్రదర్శింపబడుతుంది. నిడివి పదునాలుగు నిమిషాలు. సాయంత్రం గబ్బిలాలను లెక్కించే వంతు ఈ దినం కూడ ఉన్నది. చూడగోరిన పూర్వ విద్యార్థులు ఆరు గంటలకు రాగి చేను గట్టు దగ్గరకు రావచ్చును. టార్చిలైట్లు తేవద్దని, ఫోన్లు ఆపివేయవలసినదని, చెట్టు కిందికి పోరాదని పిల్లలు వ్రాసి గేటు దగ్గర అంటించి ఉన్నారు.